కుర్చీ క్రీడాకారులు

భీమేశ్వరరావు చేసే ఉద్యోగం ఏమిటో లోకానికి ఎప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. అథ్లెటిక్ ట్రైనరంటే ఏమిటో వివరించలేక వాళ్ళమ్మ చుట్టాలందరికీ "మావాడు జిమ్ము మాస్టారు" అని చెప్పేసింది. దాంతో పెళ్ళిళ్ళలో బావమరుదులు అతన్ని పక్కకి లాక్కెళ్ళి పొట్ట తగ్గే ఉపాయం అడిగేవారు. మ్యాచుల్లో రిఫరీలు అతన్ని చూడగానే నీళ్ళ సీసాలు తెమ్మనేవారు. ఎదురింటాయన ఒక ఆదివారం నూనెగిన్నెతో సహా వచ్చి, చొక్కా విప్పి, అరుగు మీద బోర్లా పడుకున్నాడు. ఇంటికొచ్చిన మనిషిని లేవగొట్టలేక భీమేశ్వరరావు ఆ పని కూడా చేసిపెట్టాడు గాని, అతని పని అది కాదు.

ఆటగాళ్ళకి దెబ్బలు తగలకుండా చూడటం, తగిలితే పరుగెత్తుకెళ్ళి అది ఎలాంటి దెబ్బో తేల్చటం, ఐసు పెట్టటం, టేపు చుట్టటం, వారాల తరబడి దగ్గరుండి వ్యాయామాలు చేయించటం, ఇదీ అతని పని. వీటన్నిటికీ పైన ఇంకొకటుంది. దెబ్బతిన్న మనిషి మళ్ళీ ఎప్పుడు ఆటలోకి దిగొచ్చో చెప్పవలసింది అతనే. ఆ మాట చెప్పే హక్కు కోచ్‌కి లేదు, కెప్టెన్‌కి లేదు, ఆడితీరాలని ఏడ్చే ఆటగత్తెకి అసలే లేదు. ఆ ఒక్క మాట విషయంలో భీమేశ్వరరావు ఇంతవరకూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అతనికి ఉన్న గర్వమంతా అదే.

అతను పనిచేసే స్టేడియంలో కింద ఆడపిల్లల కబడ్డీ అకాడమీ ఉంది. గ్యాలరీ మెట్ల కింద కట్టిన పై అంతస్తులో క్రీడా ప్రోత్సాహక సంస్థ కార్యాలయం ఉంది. కింద ఆడతారు, పైన ప్రోత్సహిస్తారు. రెండింటికీ మధ్య ఒక మెట్లదారి ఉన్నా దాన్ని ఎక్కువగా వాడేది టీ కుర్రాడొక్కడే.

ఆ శనివారం కాకుండా వచ్చే శనివారం జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి ఎంపిక పోటీలు. అకాడమీలో అందరికన్నా బాగా కూతకెళ్ళే పిల్ల నూకరత్నం. ఉప్పాడ వైపు వలలు లాగే కుటుంబం, ఆరడుగుల మనిషి, ఎదురొచ్చినవాళ్ళని వలలో చేపల్లాగే విదిలించేసేది. కిందటేడు మోకాలి లిగమెంటు చిట్లి మంచాన పడింది. అప్పటినుంచి భీమేశ్వరరావు ఆ పిల్లని కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించి, ఒంటికాలి మీద గెంతించి, ఇదిగో ఇక్కడిదాకా తెచ్చాడు. వయసు నిబంధన ప్రకారం ఆమెకిదే ఆఖరి అవకాశం. ఇక మిగిలింది ఎదురుగా మనుషుల్ని పెట్టి ఒకసారి నిజం కూత పరీక్ష చెయ్యటం, బాగుంటే "దిగు" అనటం.

"నేను చెప్పేదాకా గీత దాటకు," అన్నాడు భీమేశ్వరరావు.

"మీరు చెప్పేదాకా దాటనండి. తొందరగా చెప్పండి బాబూ," అంది నూకరత్నం.

సరిగ్గా అప్పుడే పై అంతస్తులో డైరెక్టర్ పరాంకుశం గారి నడుం పట్టేసింది.

పరాంకుశం గారు గొప్ప పరిపాలనాదక్షులు. ఆ ఉదయం తన కుర్చీ వీపుకు వేసిన తెల్లటి టర్కీ టవలు ఒక పక్కకి జారినట్టు అనుమానం వచ్చి, లేవకుండానే వెనక్కి తిరిగి సర్దబోయారు. సగం తిరిగిన మనిషి అక్కడే ఆగిపోయారు. లోపలికి వచ్చిన సూపరింటెండెంట్ సోమసుందరం, సారు తనవైపు చూడటం లేదంటే కోపంగా ఉన్నారేమోనని కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మూలుగు వినిపించి కిందికి కబురుపెట్టాడు. భీమేశ్వరరావు వచ్చి, డైరెక్టర్ గారిని నేలమీద పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, కాసేపట్లో లేపి నిలబెట్టాడు. అంత తొందరగా బాగుచెయ్యటం తన జీవితంలో చేసిన పెద్ద పొరపాటని అతనికి సాయంత్రానికి గాని తెలియలేదు.

"మిస్టర్ భీమేశ్వరరావ్," అన్నారు పరాంకుశం గారు సాయంత్రం పిలిపించి. "క్రీడాకారుడనగా ఎవరు? శరీరమును ఒక లక్ష్యము కొరకు వినియోగించువాడు. నేను నా నడుమును ప్రభుత్వము కొరకు వినియోగించుచున్నాను. కావున?"

"కావున... సార్?"

"కావున నేను క్రీడాకారుడను. ఈ కార్యాలయమున ఉన్న వారందరూ క్రీడాకారులే. కింద ఉన్న పిల్లలు రోజుకు నాలుగు గంటలు మాత్రమే ఆడెదరు. మేము పదిన్నర నుండి ఐదు వరకు సీట్లలో ఉందుము. ఎవరి శరీరము మీద భారము ఎక్కువ?"

భీమేశ్వరరావు నోరు తెరిచాడు. సోమసుందరం కళ్ళతోనే వద్దన్నాడు. మూశాడు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా" అని మొదలై, "పరిపాలనా క్రీడాకారుల సంరక్షణ విభాగము" ఏర్పాటైనదని, ట్రైనర్ సేవలు ఇకమీదట ఆ విభాగమునకే వినియోగింపబడునని, సదరు ట్రైనర్ గ్రౌండులో కనపడినచో ప్రభుత్వ వనరుల దుర్వినియోగముగా పరిగణింపబడునని చెప్పి ముగిసింది. ఐసు పెట్టే ఫ్రిజ్జు కూడా పైకెక్కింది. అందులో ఐసుతో పాటు మజ్జిగ ప్యాకెట్లు, డైరెక్టర్ గారి పుచ్చకాయ ముక్కలు చేరాయి. కింద పిల్లలకి ఒక నొప్పి స్ప్రే డబ్బా మిగిలింది. దాన్ని కోచ్ మేడం బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

ప్రభుత్వ కార్యాలయంలో ఉత్సాహం పుట్టటం కష్టం గాని, పుట్టాక ఆపటం ఇంకా కష్టం. పదిన్నరకి ఫైలు ముట్టుకునే ముందు సిబ్బందంతా వరండాలో నిలబడి మెడలు తిప్పేవారు. తిప్పేసరికి పదకొండున్నర అయ్యేది. స్టాంపులు వేసే అటెండరుకి మణికట్టు పట్టీ, టపా గుమాస్తాకి భుజానికి టేపు, సంతకాలు చేసేవాళ్ళకి బొటనవేలి కవచం వచ్చాయి. మధ్యాహ్నం భోజనాల వేళని హాఫ్‌టైమ్ అన్నారు. అర్జీ పట్టుకొచ్చిన ముసలాయన ఒకడు ఎంతసేపు ఆగాలని అడిగితే, "ఆట ఆగి ఉంది, కనపట్టంలా?" అని కసిరాడు కౌంటర్లో గుమాస్తా.

ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వెళ్ళటాన్ని రిలే పరుగుగా గుర్తించారు. దారిలో ఫైలు కిందపడితే నియమం ప్రకారం మళ్ళీ మొదటి సీటు నుంచి మొదలెట్టాలి. ఈ పద్ధతి వచ్చాక పనిలో తేడా ఏమైనా వచ్చిందా అంటే, బయటివాళ్ళెవరూ గమనించలేదు.

సోమసుందరం బీరువా అడుగు అరలోంచి ఒక పాత ఫైలు లాగబోయి "అమ్మా" అన్నాడు. భీమేశ్వరరావు మెడ పట్టుకు చూసి, "ఏం లేదండి, కాస్త నీళ్ళు తాగి రెండు నిముషాలు నడవండి," అన్నాడు. అప్పటికే స్ట్రెచర్ వచ్చేసింది. నలుగురు మోసుకెళ్తుంటే మిగిలిన సీట్లవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. సోమసుందరం పడుకునే చెయ్యి ఊపాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో తనకెవరూ చప్పట్లు కొట్టలేదని తర్వాత కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అది చూసి భీమేశ్వరరావుకి పాపం అనిపించింది. ఆ పాపం అనిపించటమే అతని కొంప ముంచింది, మెడకో పట్టీ వేశాడు.

ఆ పట్టీని చూశాక పరాంకుశం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. రెండో సర్క్యులర్ ప్రకారం, గాయపడిన పరిపాలనా క్రీడాకారుడు ట్రైనర్ నోటితో "దిగవచ్చు" అను మాట వచ్చువరకు సీటులో కూర్చొనరాదు. కూర్చొని చేసిన సంతకము చెల్లదు. అంతవరకు వరండాలోని విశ్రాంతి బెంచీ మీద పూర్తి జీతముతో ఉండవలెను.

పూర్తి జీతం అన్న మాట దగ్గర కార్యాలయమంతా ఆగి రెండోసారి చదువుకుందని చెప్పుకుంటారు.

మర్నాటికి గాయాలు జడివానలా కురిశాయి. అకౌంట్స్ సెక్షన్‌కి మొత్తంగా కాళ్ళు బెణికాయి. ఒక సీనియర్ అసిస్టెంట్‌కి తుమ్మితే పక్కటెముక కలుక్కుమంది. ఇంకొకాయన కళ్ళజోడు తుడుచుకుంటూ మోచేయి పోగొట్టుకున్నాడు. భీమేశ్వరరావు ఒక్కొక్కరినీ పరీక్ష చేసి "దిగవచ్చు" అనబోతే, "అబ్బా, ఇక్కడ ముట్టుకోకండి" అనేవారు. నొప్పి ఉందన్న మనిషిని దింపకూడదని అతని చదువు చెబుతోంది. బెంచీ చాలక ఇంకో బెంచీ, అదీ చాలక కింద పిల్లలు కూర్చునే బెంచీలు కూడా తెప్పించారు. గురువారం నాటికి డైరెక్టర్ గారి నడుం కూడా మళ్ళీ పట్టేసింది. ఆయన హోదా దృష్ట్యా బెంచీ మీద టవలు పరిచారు.

ఆ టవలు మీద కూర్చున్న పరాంకుశం గారి ముందుకి భీమేశ్వరరావు ఒక కాగితం పట్టుకెళ్ళాడు.

"సార్, ఎల్లుండి ఎంపిక పోటీలండి. దెబ్బ తగిలి కోలుకున్న పిల్లయితే పక్కన ట్రైనర్ ఉండి తీరాలి, లేకపోతే గీత దగ్గరికే రానివ్వరు. రేపు మధ్యాహ్నం బస్సు. నన్ను జట్టుతో వెళ్ళమని రిలీవింగ్ ఆర్డర్ మీద ఒక్క సంతకం."

"విషయము సానుకూలముగా ఉన్నది," అన్నారు పరాంకుశం గారు కళ్ళు మూసుకుని. "కాని నేను గాయపడి ఉన్నాను. గాయపడిన చేతితో సంతకము చెల్లదని నేనే సంతకము చేసితిని."

"గాయం నడుముకి కదండీ?"

"చేయి నడుమునకు పైభాగమున ఉన్నది కదా."

"పోనీ, దిగవచ్చు అని నేను చెబుతాను సార్."

"నొప్పి ఉన్నదని నేను చెప్పుచున్నానే! నొప్పి ఉన్నవానిని దింపెదవా? అదేనా నీ వృత్తిధర్మము?"

బెంచీల మీది క్షతగాత్రులంతా తలలూపారు. మెడ పట్టీ ఉన్న సోమసుందరం కూడా ఊపాడు. భీమేశ్వరరావు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఒక పిల్లని మంచం మీంచి ఇంతవరకూ తెచ్చి, గీత దగ్గర వదిలేస్తున్నానని అతనికి ఏడుపొచ్చింది. నన్ను బెంచీలకి కాపలా పెట్టారు, నేను నోరుమూసుకుని పెట్టించుకున్నాను అని తనని తనే తిట్టుకున్నాడు.

శుక్రవారం హాఫ్‌టైమ్ అయ్యాక నూకరత్నం మెట్లెక్కి వచ్చింది. రెయిలింగ్ పట్టుకోకుండా, రెండేసి మెట్లు దాటుకుంటూ వచ్చింది. ఎన్ని చికాకుల్లో ఉన్నా భీమేశ్వరరావు కళ్ళు ముందు ఆ మోకాలి మీదే పడ్డాయి, మోకాలు చక్కగా వంగుతోంది.

"కింద బస్సొచ్చేసిందండి," అంది. "మీరు రారంట కదా. ఏం సార్, నన్నీ జన్మకి దింపుతారా, లేపోతే నన్నూ ఈ బెంచీ మీద కూకోమంటారా?"

"నిన్ను చూడకుండా దింపలేను నూకరత్నం. గ్రౌండులోకి నేను రాకూడదు."

"మీరు రాకూడదు గానండి, నేను రాకూడదని రాశారేంటి ఇక్కడ?"

భీమేశ్వరరావు వరండా వైపు చూశాడు. వెడల్పుగానే ఉంది. ఆ చివర గోడ, రెండు పక్కలా బీరువాలు, మధ్యలో మూడు వరసల బెంచీలు, వాటి మీద కార్యాలయమంతా. ఈ చివర గచ్చు మీద పాత సున్నపు గీత ఒకటి ఉంది. అతను చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"ఎదురుగా మనుషులుండాలి. పట్టుకోబోవాలి. నువ్వు తిరగాలి," అన్నాడు. బెంచీల వైపు తిరిగి, "అయ్యా, తమరు కాస్త లేచి నిలబడితే..."

"మేము గాయపడి ఉన్నాము!" అన్నాడు సోమసుందరం.

"లేవక్కర్లేదులెండి," అంది నూకరత్నం చున్నీ నడుముకి బిగించి. "కూత పెడితే ఆళ్ళే లెగుస్తారు."

వంగి గీతని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది. ఊపిరి పీల్చింది.

"కబడ్డీకబడ్డీకబడ్డీ..."

నూకరత్నం కూతకొస్తుంటే ఎదురుగా కూర్చున్నవాడు కూర్చునే ఉండటం ఇంతవరకూ ఎక్కడా జరగలేదు, ప్రభుత్వ కార్యాలయంలోనూ జరగలేదు. మొదటి బెంచీ మొత్తం ఒక్కసారిగా లేచింది. కాళ్ళు బెణికిన అకౌంట్స్ సెక్షన్ రెండో బెంచీ మీంచి దూకి మూడో బెంచీ వెనక పడింది. మోచేయి పోయినాయన ఆ మోచేతులతోనే బీరువా పైకి ఎగబాకాడు. పక్కటెముక మనిషి గోడకీ ఫ్రిజ్జుకీ మధ్య ఉన్న సందులో దూరాడు, ఆ సందు చూస్తే పిల్లి కూడా వెనక్కి తిరుగుతుంది. నూకరత్నం ఎడమకి వెళ్ళబోయినట్టు చూపించి కుడికి తిరిగింది. ఆ తిరుగుడు కోసమే భీమేశ్వరరావు ఏడాదిపాటు ఎదురుచూశాడు. మోకాలు వణకలేదు, పక్కకి వాలలేదు. సోమసుందరం ముప్ఫయ్యేళ్ళ కిందట కాలేజీలో ఆడాడో ఏమో, మెడ పట్టీ పీకి అవతల పారేసి, ఆమె చీలమండ మీదకి దూకాడు. నూకరత్నం అతన్ని ఈడ్చుకుంటూనే ముందుకి వెళ్ళి, టవలు మీద కూర్చున్న పరాంకుశం గారి భుజం తట్టబోయింది. పరాంకుశం గారు టవలుతో సహా గాల్లోకి లేచి, టపా బల్ల మీంచి అవతలికి దూకి, రెండు కాళ్ళ మీదా నిలబడ్డారు. నిలబడ్డాక, బల్లకి తగిలిన కుడిచేతి బొటనవేలు ఊపుకున్నారు.

నూకరత్నం సోమసుందరాన్ని కాలికి తగిలించుకునే గీతదాకా వచ్చి ముట్టుకుంది. కూత ఆగలేదు.

బీరువా మీదున్నాయన దిగటానికి దారి వెతుక్కుంటున్నాడు.

"దిగవచ్చు," అన్నాడు భీమేశ్వరరావు నూకరత్నంతో. ఇంకోసారి చెప్పాడు. "నువ్వు దిగవచ్చమ్మా." తర్వాత వరండా అంతా ఒకసారి కలయజూసి, వృత్తిధర్మం ప్రకారం అన్నాడు. "తమరు కూడా అందరూ దిగవచ్చండి. కళ్ళారా చూశాను. ఒక్కరిక్కూడా ఏమీ లేదు."

ఇంకేం చేస్తారు? అందరూ సీట్లలోకి వెళ్ళారు. పరాంకుశం గారు కూడా వెళ్ళారు. భీమేశ్వరరావు వెనకే వెళ్ళి కాగితం ముందు పెట్టాడు. దిగవచ్చునని తేలిన మనిషి సంతకం చెయ్యకుండా ఉండటానికి ఏ సర్క్యులరూ లేకపోయింది. ఆయన సంతకం చేసి, "స్స్" అని వేలు విదిల్చారు. అంతలో ఆయన ముఖం వెలిగిపోయింది.

"అద్భుతము! ఒక్క కూతతో యావత్తు కార్యాలయము ఆరోగ్యవంతమైనది. ఇది చికిత్స! ఆ బాలికను ఇచ్చటనే ఉంచుకొనవలెను. ప్రతిదినము పదిన్నరకు ఒకసారి, హాఫ్‌టైమ్ తరువాత ఒకసారి. ఎంపిక పోటీలకు మరొకరిని పంపుడు. సోమసుందరం, తెల్లకాగితము తెమ్ము, ఇప్పుడే ఉత్తర్వు ఇచ్చెదను."

బయట బస్సు హారన్ కొడుతోంది. సోమసుందరం కాగితం తెచ్చేశాడు. పరాంకుశం గారు పెన్ను తీశారు. భీమేశ్వరరావు ఆ పెన్నునీ, ఆ చేతినీ కలిపి పట్టుకున్నాడు.

"సార్, ఈ బొటనవేలు చూడనివ్వండి."

నిజానికి వేలు కొంచెం వాచింది. కొంచెమే. కింద పిల్లలకైతే ఐసు ముక్క పెట్టి పొమ్మనేవాడు. భీమేశ్వరరావు అటూ ఇటూ తిప్పి చూసి, దీర్ఘంగా నిట్టూర్చాడు. అంత దీర్ఘంగా నిట్టూర్చవలసిన వాపు కాదని అతనికి తెలుసు.

"సోమవారందాకా ఈ చెయ్యి కదపకూడదండి. సంతకం ఊసే ఎత్తకూడదు."

"మరి ఇప్పుడు చేసిన సంతకము?"

"అది చేశాకే వాపు మొదలైందండి."

పరాంకుశం గారు ఆలోచించారు. గాయం లేదంటే కోపం వచ్చేదేమో గాని, ఉందంటే ఎవరికి కోపమొస్తుంది? గర్వంగా చెయ్యి చాపారు. భీమేశ్వరరావు తన దగ్గరున్న టేపంతా తీసి, బొటనవేలినీ మిగతా నాలుగు వేళ్ళనీ కలిపి, మణికట్టు దాటేదాకా చుట్టాడు. అంత శ్రద్ధగా ఎప్పుడూ ఎవరికీ చుట్టలేదు. సిబ్బంది లేచి చప్పట్లు కొడుతుంటే, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి బస్సెక్కేశాడు.

శనివారం నూకరత్నం గీత దగ్గర నిలబడి ఒకసారి వెనక్కి తిరిగి అతని వంక చూసింది. అతను తలూపాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఇంక వెనక్కి చూడలేదు. సాయంత్రానికల్లా శిబిరం వాళ్ళు తమ బస్సులోనే తీసుకుపోయారు.

సోమవారం భీమేశ్వరరావు వచ్చేసరికి పరాంకుశం గారు చెయ్యి పైకెత్తుకుని కూర్చుని ఉన్నారు. ట్రైనర్ అనుమతి లేకుండా విప్పకూడదని నియమం గనక శుక్రవారం నుంచి అలాగే ఉన్నారు. ఆదివారం ఎవరో నోట్లో ముద్దలు పెట్టవలసి వచ్చిందని ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఆ బాలిక ఎక్కడ?"

"శిబిరానికి ఎంపికైందండి. అట్నుంచి అటే వెళ్ళిపోయింది."

భీమేశ్వరరావు టేపు విప్పాడు. పరాంకుశం గారు వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి తెరిచి, అవన్నీ తనవేనని నమ్మకం కుదిరాక, సోమసుందరం వైపు చూశారు. సోమసుందరం సిద్ధంగా ఉంచిన ఉత్తర్వు తీసి చదివాడు.

"విచారణ లేకుండా, సంజాయిషీ కోరకుండా, ఏకపక్షముగా యావన్మంది సిబ్బందిని ఆరోగ్యవంతులుగా ప్రకటించి, వారి విశ్రాంతిహక్కునకు భంగము కలిగించినందుకు ఉద్యోగుల సంఘము తీవ్ర అభ్యంతరము తెలిపినందున, సదరు ట్రైనరును శిక్షాచర్యగా పై అంతస్తు విధుల నుండి తొలగించి, తక్షణమే కింది అంతస్తునకు, అనగా గ్రౌండునకు, పంపడమైనది."

పరాంకుశం గారు కొత్తగా విడుదలైన చేత్తో మొదటి సంతకం దాని మీద పెట్టారు.

"చెప్పుకొనవలసినది ఏమైనా ఉన్నదా?" అన్నారు.

"లేదండి. తప్పు నాదేనండి," అన్నాడు భీమేశ్వరరావు. తలెత్తితే ముఖంలో సంతోషం కనపడిపోతుందని తల దించుకునే ఉన్నాడు. "ఫ్రిజ్జు కూడా శిక్షలో భాగమేనాండి?"

"తీసుకొనిపొమ్ము!" అని గర్జించారు పరాంకుశం గారు.

మెట్ల మలుపు దాకా తలొంచుకునే దిగాడు. వెనక ఇద్దరు అటెండర్లు ఫ్రిజ్జు మోసుకొస్తున్నారు, అందులో పుచ్చకాయ ముక్కలు అలాగే ఉన్నాయి. గ్రౌండులో ఒక చిన్నపిల్ల కాలు చాపి మట్టిలో కూర్చుని ఉంది, బెంచీలింకా పైనే ఉన్నాయి.

"సార్, ఇదోసారి చూడండి. ఏం లేదులెండి, నేను ఆడేస్తాను," అంది లేవబోతూ.

"కూర్చో," అన్నాడు భీమేశ్వరరావు. ప్యాంటు పాడవుతుందని కూడా చూసుకోకుండా మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎప్పుడు ఆడాలో నేను చెబుతాను."